నూట పద్నాలుగో ప్రకటనలో తరుగు

మనుషులు ఇంతవరకూ చేసిన చప్పుళ్ళన్నీ ఇకమీదట సగం చోటులో సర్దుకోవాలని బస్టాండు ప్రధాన కార్యాలయంలోని ధ్వని సంపద పరిరక్షణ విభాగం తీర్మానించింది. తీర్మానం ఆరు పేజీలు. (దాన్ని మూడు పేజీల్లో సర్దవచ్చునని ఎవరికీ తోచలేదు.)

అందులోని సంగతి ఇది. బస్టాండు కంప్యూటర్లో ఇన్నేళ్ళుగా వేవ్ ఫైళ్ళ రూపంలో, అంటే కాళ్ళు బారజాపుకుని, అడిగేవాడు లేక హాయిగా పడుకున్న ప్రకటనలన్నిటినీ ముప్ఫై రోజుల్లోగా కుదించాలి. కుదించడం కూడా ఎవరి సొత్తూ కాని, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఫ్లాక్ అనే రూపంలోకే జరగాలి. మార్చే బాధ్యత ఆ గొంతు ఎవరిదో వారిది. వారికి ఓపిక లేకపోతే వారింట్లో ఓపిక ఉన్నవారిది. ముప్ఫయ్యో రోజు సాయంత్రం ఐదింటికల్లా మారని శబ్దాలను చెరిపేస్తారు. "చెరిపివేతకు ఎటువంటి రుసుమూ లేదు" అని చివరి పేజీలో దయగా రాశారు.

ఈ కాగితం బస్టాండులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు అనౌన్సరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి చేరింది. ఆయన దాన్ని చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టె కింద పెట్టి, ఎప్పటిలాగే పన్నెండింటికి వాకింగ్‌కి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఓపిక ఉన్న మనిషి కోడలు. సామాన్లు చుట్టిచ్చిన కాగితం దగ్గర్నుంచి మందుసీసా మీది హెచ్చరిక దాకా అన్నీ చదివే అలవాటు ఆవిడకి. డిగ్రీ చదివినందుకు మిగిలిన వ్యాపకం అదొక్కటే. కళ్ళజోడు పెట్టె తుడుస్తుంటే కాగితం దొరికింది. ఆరు పేజీలూ నిలబడే చదివేసింది.

మామగారి వాకింగ్ గురించి కొంచెం చెప్పాలి. మిట్టమధ్యాహ్నం వాకింగేమిటని ఎవరైనా అడిగితే "డి విటమిను" అంటారు. పన్నెండూ నలభై అయిదుకి గేటు చప్పుడవుతుంది. కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చుంటారు. అత్తగారు పోయిన ఈ ఆరేళ్ళలో ఆయన్ని భోజనానికి పిలవాల్సిన అవసరం కోడలికి ఒక్కరోజూ రాలేదు. (ఇది ఎంత అరుదైన భాగ్యమో వంటింట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అదే ఇంట్లో ఆయన కొడుకుని మూడుసార్లు పిలవాలి, మనవరాలిని అయిదుసార్లు. కోడల్ని ఎవరూ పిలవరు.)

ఆ రోజు ఎండ మండిపోతోంది. ఆయన గొడుగు మరిచిపోయారు. కోడలు గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్ళింది. పార్కుకి వెళ్ళాల్సిన మనిషి బస్టాండులోకి తిరిగారు. ఏడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర సిమెంటు బల్ల మీద, టికెట్టు కొన్నవాడిలా సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ స్తంభం పక్కన ఆగిపోయింది.

పైనున్న స్పీకరు గొంతు సవరించుకుంది. మామగారి గొంతే, పదేళ్ళ కిందటిది.

"ప్రయాణికులకు మనవి. పన్నెండున్నర బస్సు ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చి ఉన్నది. ఎవరి సామాను వారే సరిచూసుకోవలెను."

అయిపోయిందనుకునేలోపు, ఎక్కడో తలుపు అవతలి నుంచి వచ్చినట్టు, ఒక ఆడగొంతు.

"ఏమండీ, చల్లారిపోతోంది, రండి."

టక్కుమని స్పీకరు ఆగింది. మామగారు లేచి, పంచె దులుపుకుని, ఇంటిదారి పట్టారు.

కోడలు దారిలో కలిసి గొడుగు పట్టింది.

"అది అత్తయ్యగారి గొంతు కదూ మామయ్యగారూ?"

"నూట పద్నాలుగో ప్రకటన," అన్నారాయన, ఆ గొంతు పేరు అదే అయినట్టు. "బస్టాండులో హారన్ల గోలని ఇంట్లోనే సామాన్ల గదిలో దుప్పట్లు కట్టుకుని రికార్డు చేసేవాణ్ణి, నీకు తెలుసుగా. ఆ రోజు మీ అత్తయ్య తలుపు దగ్గరికొచ్చి పిలిచింది. పాడైపోయింది, మళ్ళీ చదవాలి అనుకున్నా."

"మరి చదవలేదేం?"

"చల్లారిపోతోందందిగా. తినడానికి వెళ్ళిపోయా."

మర్నాడు ఉదయం పదింటికి కోడలు కార్యాలయంలో ఉంది.

ఆ కార్యాలయంలో క్యూలు రద్దుచేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఫోనులో యాప్ ఉంది. యాప్ టోకెన్ నంబరు ఇస్తుంది. ఆ నంబరు నిజమైనదేనని ముద్ర వేయించుకోవడానికి మాత్రం ఒక వరుసలో నిలబడాలి. (దాన్ని క్యూ అనరు. ధ్రువీకరణ శ్రేణి అంటారు.) శ్రేణి చివర మూడో కిటికీ, కిటికీ వెనక ఒకావిడ, ఆవిడ మోచేతి దగ్గర నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరు. సగం శ్రేణి ఆ క్యారియరుని చూస్తూ టైము అంచనా వేసుకుంటోంది.

"తొమ్మిదో గడి ఖాళీగా వదిలేశారు," అంది మూడో కిటికీ ఆవిడ మార్పిడి దరఖాస్తు చూసి. "'ధ్వనిలో వినబడు వ్యక్తుల సంఖ్య.' రెండొందల పన్నెండు ప్రకటనలకీ విడివిడిగా రాయాలమ్మా."

"అన్నిట్లోనూ ఒక్కరే అండీ. నూట పద్నాలుగులో మాత్రం ఇద్దరు."

"ఇద్దరైతే ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలి."

"రెండో ఆవిడ రాలేరండీ."

"ఊళ్ళో లేరా?"

"లేరు."

"ఎప్పుడొస్తారు?"

కోడలు తల దించుకుంది. మూడో కిటికీ ఆవిడ తలెత్తి చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. గొంతు తగ్గించి అడిగింది.

"ఆవిడ ఎక్కణ్ణుంచి మాట్లాడారు?"

"వంటింటి వైపు నుంచి."

"అయితే మనిషని రాయకండి. రాస్తే అనుమతి లేని గొంతని కోసేస్తారు. పరిసర ధ్వనులని ఒక జాబితా ఉంది. గాలి, వాన, వాహనాలు, పాత్రల చప్పుడు. పాత్రల చప్పుడు దగ్గర టిక్కు పెట్టండి. దానికి సంతకం అక్కర్లేదు."

ఆ విధంగా అత్తగారు అధికారికంగా పాత్రల చప్పుడయ్యారు. కోడలు ఆ సాయంత్రం భయపడుతూనే ఈ మాట మామగారికి చెప్పింది. ఆయన "నలభై ఏళ్ళు నేనూ అలాగే జమకట్టానులే," అన్నారు.

దరఖాస్తు మీద ముద్రలు పడటానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ప్రకటనలను మార్చడానికి పదకొండు నిమిషాలు పట్టింది. రూపాంతరీకరణ గది అనే చోట ఒక పాత కంప్యూటరు, దానికో మైకు ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టే కన్నాలన్నిటికీ లక్క పోసి సీలు వేశారు. శబ్దం ఎవరూ ఇంటికి పట్టుకుపోకుండా ఆ జాగ్రత్త. కోడలు గోడ మీద అంటించిన సూచనలు చదువుకుంటూ, అన్ని ఫైళ్ళూ ఒకేసారి ఎంచి, మార్చు అన్న చోట నొక్కింది. బయటికి వచ్చి నీళ్ళు తాగి వెళ్ళేసరికి అయిపోయింది. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని నూట పద్నాలుగు విన్నది. అత్తగారు పిలుస్తున్నారు. అక్షరం పోలేదు.

ఇక మిగిలింది శబ్ద పరిమాణ తనిఖీ అధికారి సంతకం ఒక్కటే. ఆయన్ని అందరూ తూకం సారంటారు. ఈ విభాగానికి రాకముందు ఇరవై ఏళ్ళు ధాన్యం గోదాములో తూనికల పర్యవేక్షణ చేశారు. బదిలీ మీద శబ్దాలకి వచ్చారు గానీ చూపు ఇంకా కాటా మీదే ఉంది.

"వచ్చినప్పుడు ఎంతమ్మా?" అన్నారు పెన్ను మూత తీస్తూ.

"అయిదువందల ముప్ఫై ఎం.బి. సార్."

"ఇప్పుడు?"

"రెండువందల డెబ్భై."

పెన్ను మూత మళ్ళీ పెట్టేశారు. "మిగతా రెండొందల అరవై ఏదీ?"

"తగ్గింది సార్. కుదించమన్నారుగా."

"కుదించమన్నాం. కొరత పడమని ఎక్కడన్నాం? తరుగు నూటికి అయిదు దాటితే విచారణ. మీకు సగానికి సగం పోయింది." ఆయన ముందుకు వంగారు. "ఆ గదిలో ఎలకలేమైనా ఉన్నాయా?"

కోడలు నవ్వలేదు. నవ్వితే సంతకాలు ఆలస్యమవుతాయని ఈ ఇరవై రెండు రోజుల్లో నేర్చుకుంది.

"దుప్పట్లు సార్. చలి తగ్గాక మడతపెట్టి సంచిలో కుక్కి, గాలంతా తీసేసి బీరువాలో పెడతాం కదా. సగం చోటే పడుతుంది. దుప్పట్లో మటుకు పోగు కూడా పోదు."

తూకం సారు ఆలోచించారు. ఆయన న్యాయమైన మనిషి. "అంటే పోయింది గాలంటారు."

"అవును సార్."

"మరి ఆ గాలి ఎక్కడ జమ చేశారు?"

"పోనీ ఒకసారి వినండి సార్. ఏమీ పోలేదని మీకే తెలుస్తుంది."

"వినడం మా విభాగం కాదమ్మా. మాది పరిమాణం. వినికిడి విభాగం రెండో అంతస్తు."

"అక్కడికే వెళ్తాను సార్."

"రెండో అంతస్తు ఇంకా కట్టలేదు."

కోడలు పట్టువదల్లేదు. మడత విప్పితే దుప్పటి మళ్ళీ మొదటి కొలతకి వస్తుంది కదా. కుదించిన ఫైళ్ళని వెనక్కి విప్పింది. అయిదువందల ముప్ఫై. చివరి అంకె దాకా అంతే, ఒక్క చుక్క తేడా లేదు. తూకం సారు రెండుసార్లు సరిచూసుకుని, ముఖం వికసించి, "అద్గదీ! దొరికిందన్నమాట," అన్నారు. పెన్ను మూత తీశారు. సంతకంలో మొదటి అక్షరం పడింది కూడా.

"ఇంతకీ ఇది ఏ రూపం?"

"విప్పాం కదా సార్. వేవ్."

"వేవ్ తీసుకోవడం లేదు కదమ్మా," అని నొచ్చుకుంటూ అక్షరం కొట్టేశారు. "రేపు రండి."

ఈ మాట ఆయన కఠినంగా అనరు. ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినంత ఆప్యాయంగా అంటారు. కోడలికి ఆ మాట నాలుగు రోజులు వరసగా దక్కింది. మడిచి తీసుకెళ్తే తరుగు, విప్పి తీసుకెళ్తే రూపం. విభాగం కోరుతున్నది కుదించినా తగ్గని శబ్దం.

ఇరవై ఎనిమిదో రోజు కోడలి భర్త ఈ వ్యవహారంలోకి దిగాడు.

"ఎందుకే ఇంత తిప్పలు? ఫోనుతో రికార్డు చేసుకుంటే పోలా?" అని, తండ్రిని వెంటబెట్టుకుని బస్టాండుకి వెళ్ళి, స్పీకరు కింద చెయ్యెత్తి నిలబడి రికార్డు చేసుకొచ్చాడు. ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టి వినిపించాడు. రెండు హారన్లు, ఒక తుమ్ము, "నాన్నా, మీరు కదలకండి" అని తన గొంతు. తల్లి గొంతు ఉండాల్సిన చోట ఎవరో ఎవరికో చిల్లర లేదంటున్నారు.

"పోనీలే అమ్మాయ్," అన్నారు మామగారు కోడలితో. "అలవాటు లేని సంగతి కాదుగా. ఒకసారి పోయిన మనిషే."

కోడలు వెళ్ళి గిన్నెలు కడిగింది. మామూలుకన్నా ఎక్కువ చప్పుడుతో కడిగింది.

ఇరవై తొమ్మిదో రోజు తూకం సారు ఎదుట కూర్చుని, ఫైలు తెరవకుండా, ఊళ్ళో కబుర్లాడుతున్నట్టు అడిగింది.

"సార్, గోదాములో తరుగు పడితే మీరేం చేసేవారు?"

ఆయన తలుపు వైపు చూశారు. పాత ఉద్యోగం మాట వచ్చేసరికి కళ్ళలో తడి చేరింది. "ఏం చేస్తామమ్మా. బరువు సరిపెట్టేవాళ్ళం."

"దేంతో సార్?"

"దేంతో ఏముంది? అక్కడ దొరికేదాంతోనే."

(బియ్యంలో మనం ఏరే రాళ్ళ వెనక ఇంత పరిపాలన ఉందని ఆవిడకి ఆ రోజే తెలిసింది.)

"శబ్దాలకీ ఆ నియమం వర్తిస్తుందా సార్?"

తూకం సారు నియమావళి తిరగేశారు. ఎక్కడా కాదని లేదు. ఏ ప్రకటన తరుగు ఆ ప్రకటనలోనే పూడ్చాలి, అదొక్కటే షరతు.

కోడలు రూపాంతరీకరణ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్యాదస్తురాలు కనక మొదట నిశ్శబ్దంతో పూడ్చబోయింది. ప్రతి ప్రకటన చివరా పది క్షణాలు నిశ్శబ్దం అతికి కుదించి చూస్తే తూకంలో ఏ మార్పూ లేదు. నిశ్శబ్దాన్ని మడతపెడితే చేతిలో ఏమీ మిగలదు. బరువున్నది గోలకే.

గోలకి అక్కడ కరువేమిటి? తలుపు బార్లా తెరిచి, మైకుని మూడో కిటికీ వైపు తిప్పి పెట్టింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కార్యాలయం తన పని తాను చేసుకుపోయింది. ఫ్యాను కిచకిచలు, ముద్రల దెబ్బలు, కుర్చీ లాగుళ్ళు, "సర్వరు పడుకుంది", "జిరాక్సు వెనకవైపు కూడా కావాలి", వాటి మధ్య ప్రతి పది నిమిషాలకీ పక్కగదిలోంచి తూకం సారి ఆప్యాయత, "రేపు రండి". చూస్తే చాలా బరువైన కార్యాలయం. ఎంత కుదించినా పెద్దగా తగ్గలేదు.

ఇక కూర్చుని, చిరుగులకి అతుకులు వేసినట్టు, ఒక్కొక్క ప్రకటనకీ తగినంత ముక్క కత్తిరించి అతికింది. ఎవరికేం వేయాలో వడ్డించే మనిషికి తెలుస్తుంది కదా. ఎక్కువ ప్రకటనలకి "రేపు రండి"తో ముగిసే ముక్కలు వచ్చాయి. రికార్డింగులో అవే ఎక్కువ మరి.

నూట పద్నాలుగు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. "చల్లారిపోతోంది, రండి" తర్వాత ముద్ర దెబ్బ పెట్టి చూసింది, బాగాలేదు. ఫ్యాను పెట్టి చూసింది, బాగాలేదు. వెతగ్గా వెతగ్గా ఒంటిగంట ప్రాంతంలో ఒక ముక్క దొరికింది. మూడో కిటికీ ఆవిడ క్యారియరు పిడి తీసి, గిన్నెలు ఒక్కొక్కటే పరిచి, మూతలు తెరిచిన చప్పుడు. సరిగ్గా సరిపోయింది. దరఖాస్తులో రాసినది కూడా నిజమైంది.

ముప్ఫయ్యో రోజు. సాయంత్రం నాలుగూ నలభై. తూకం సారు తూచారు.

"అయిదువందల ఇరవై తొమ్మిది. ఒకటి తగ్గింది."

"తరుగు సార్."

ఆయన మొదటిసారి ఆవిడని తన మనిషిలా చూసి నవ్వారు. "ఆ మాత్రం ఉండాలమ్మా. బొత్తిగా తరుగు లేకపోతే పైవాళ్ళకి అనుమానం వస్తుంది." సంతకం పెట్టారు, ముద్ర వేశారు. వినడం ఆయన విభాగం కాదు.

ప్రకటనలన్నీ కుదింపు రూపంలోకి విజయవంతంగా మారాయని విభాగం నివేదిక విడుదల చేసింది. కంప్యూటర్లో చోటు మునుపెంత నిండిందో ఇప్పుడూ అంతే ఎందుకు నిండి ఉందో పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. (ఉపసంఘం సమావేశాలను రికార్డు చేసి అదే కంప్యూటర్లో భద్రపరుస్తున్నారు.)

మర్నాడు మధ్యాహ్నం కోడలు స్టవ్వు కట్టేసి, గొడుగు తీసుకుని తనూ వెళ్ళింది. పన్నెండున్నరకి స్పీకరు గొంతు సవరించుకుంది. ప్రయాణికులకు మనవి చేసింది. సామాను సరిచూసుకోమంది. తలుపు అవతలి నుంచి అత్తగారు పిలిచారు. తర్వాత, కొత్తగా, గిన్నెల మూతలు తెరుచుకున్నాయి.

మామగారు లేవబోతూ ఆగారు.

"ఇది ఇదివరకు లేదే."

"తూకానికి వేశానండి."

ఆయన తల పంకించి, పంచె దులుపుకున్నారు. "ఈసారి వడ్డించేసింది కూడా," అని మామూలుకన్నా కొంచెం తొందరగా నడిచారు.

మిగతా ప్లాట్‌ఫారాల దగ్గర పరిస్థితి వేరు. ఒంటిగంట బస్సు వచ్చి ఉన్నది, ఎవరి సామాను వారే సరిచూసుకోవలెను, రేపు రండి. తలుపులు తెరుచుకుని బస్సు ఎదురుగా నిలబడి ఉన్నా, ఆ మాట తూకం సారి గొంతుతో వినబడగానే జనం సంచులు భుజానికెత్తుకుంటున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఫిర్యాదు రాలేదు. (ఫిర్యాదులు తీసుకునేదీ మూడో కిటికీయే.) బస్టాండుకి వచ్చి బస్సెక్కకుండానే ఇంటికి మళ్ళుతున్నవారి సంఖ్య రోజురోజుకీ పెరుగుతోందని విభాగం తాజా నివేదిక.

వాళ్ళందరిలో వచ్చిన పని పూర్తయి వెళ్తున్నది మామగారు ఒక్కరే.